వదినగారి తాళంచెవి

యూ టీ,
జనవరి

గౌరవనీయులైన తారాదేవి వదినగారికి,

అరుంధతి రాయునది. మన పిల్లల పెళ్ళిలో, ఇక జన్మలో మీతో మాట్లాడనని నలుగురి ముందు అన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ గట్టిగానే ఉన్నాను. రాయనని మాత్రం అనలేదు. ఇన్నాళ్ళూ మా కీర్తిక, మీ రమేష్ మన మధ్య కబుర్లు మోశారు. నిన్న మొగుడూ పెళ్ళాలిద్దరూ కూడబలుక్కుని, మేం పోస్టుమాన్లం కాదు, మీరూ మీరూ చూసుకోండి అనేశారు. అందుకే ఈ మెయిలు. పులిహోర సంగతి ఎత్తను. భోజనాల బాధ్యత మీరు తీసుకున్నారనీ, మా వైపు వాళ్ళు కూర్చునేసరికి పులిహోర గంగాళం గోకుతున్న చప్పుడు వినిపించిందనీ మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎత్తను.

విషయం మన సింగపూర్ తెలుగువాళ్ళ ‘ఓడరేవు’ నెట్ రేడియో. పోయిన వారం ఎవడో దొంగ మన సర్వర్లోకి జొరబడి, మీ బుధవారం కార్యక్రమం ఉండాల్సిన పేజీలో జూదం ప్రకటనలు పెట్టాడు. దొంగని అనడానికి లేదు. ఇన్నాళ్ళూ రేడియో నడిపిన సాంబమూర్తిగారు పెట్టిన పాస్‌వర్డ్ ‘రేడియో’, పక్కన ఒకటి రెండు మూడు. ఆయన ఓడ ఇంజన్లు బాగుచేసే మనిషి, తాళాలు వేసే మనిషి కాదు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు కంప్యూటర్లకి కాపలా కాసి రిటైరైన దాన్ని కాబట్టి ఆ బాధ్యత నాకప్పగించి ఓడెక్కేశారు.

సర్వర్ అంటే మన పాటలూ మాటలూ అన్నీ దాచిన అద్దె కంప్యూటరు. ఎక్కడో ఉంటుంది, మనం ఇంట్లో కూర్చుని నెట్ మీదుగా అందులోకి వెళ్తాం. ఇకనుంచి పాస్‌వర్డ్‌తో ఎవరినీ రానివ్వదు. లోపలికి వెళ్ళే పని మన ఇద్దరికే కనుక ఇద్దరికే తాళాలు. కింద రాసిన ఆజ్ఞ మీ లాప్‌టాప్‌లో కొడితే ఒక జత పుడుతుంది: ఒకటి తాళం, ఒకటి తాళంచెవి. తాళం నాకు మెయిల్లో పంపండి, సర్వర్ తలుపుకి నేను బిగిస్తాను. దాన్ని లోకమంతా చూసినా నష్టం లేదు. తాళంచెవి మాత్రం మీ లాప్‌టాప్ దాటకూడదు. దాన్ని ఎవరూ ఎత్తుకుపోయి వాడకుండా దానికొక పాస్‌ఫ్రేజ్ పెట్టమని అడుగుతుంది. అంటే ఒక పొడుగు వాక్యం. ఎవరికీ తట్టనిది పెట్టండి. ఎవరికీ చెప్పకండి. నాక్కూడా.

ఇట్లు,
అరుంధతి


బూన్ లే,
జనవరి

మహాగౌరవనీయులైన అరుంధతి వదినగారికి,

ఎత్తనని రెండుసార్లు అంటూనే పులిహోర గంగాళం ఎత్తి నా నెత్తిన బోర్లించారు. సంతోషం. మీ మెయిలు మా లిఫ్టు దగ్గర అంటించే నోటీసులా ఉంది. చదువుతూ చదువుతూ ఎక్కడ సంతకం పెట్టాలా అని వెతుక్కున్నాను.

మీరు చెప్పింది చేశాను. నేను కంప్యూటర్ల దాన్ని కాకపోయినా బస్ డిపోలో టైమ్‌టేబుళ్ళు వేసిన దాన్ని, చెప్పిన వరుసలో చెప్పింది చెయ్యడం వచ్చు. జత పుట్టగానే తెర మీద ఏదో ముగ్గు లాంటిది వేసింది. చుక్కలు పెట్టి కలపడం మర్చిపోయిన ముగ్గు. అది ఆశీర్వాదమా, శాపమా? తాళం ఈ మెయిలుకి జత చేశాను.

పాస్‌ఫ్రేజ్‌కి మంచి వాక్యం దొరికింది. తెలుగు వాక్యమే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. కొడుతుంటే మనసు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అందులో ఎవరున్నారని అడగకండి. చెప్పకూడదని మీరే అన్నారు.

ఒకటే ఇబ్బంది. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ఆ వాక్యం మొత్తం కొట్టమంటోంది. హాయి సంగతి అలా ఉంచండి, వేళ్ళు నొప్పి.

తారాదేవి


యూ టీ,
ఫిబ్రవరి

వదినగారికి,

ఆ ముగ్గు మీ తాళానికి గుర్తు మాత్రమే. ఆశీర్వాదం ఇవ్వడానికి అది పురోహితుడు కాదు.

మీ ఇబ్బందికి మందు ఉంది. దాని పేరు ఏజెంట్. అది మీ లాప్‌టాప్ లోపలే ఉండే ఒక చిన్న ప్రోగ్రాం. పొద్దున్న ఒక్కసారి పాస్‌ఫ్రేజ్ కొట్టి తాళంచెవి దాని చేతికిస్తే, ఇక మీరు వెళ్ళినప్పుడల్లా అదే తలుపు తీస్తుంది. మిమ్మల్ని మళ్ళీ అడగదు. లాప్‌టాప్ ఆపెయ్యగానే దానికి మతి పోతుంది, అంతా మర్చిపోతుంది. మర్నాడు మళ్ళీ చెప్పుకోవాలి. ఏం కొట్టాలో కింద ఇచ్చాను. రోజూ సాయంత్రం లాప్‌టాప్ తప్పనిసరిగా ఆపండి. తెరిచి పెట్టిన లాప్‌టాప్, ఏజెంట్ చేతిలో తాళంచెవి, అంటే గుమ్మం బార్లా తీసి పడుకోవడమే.

ఇంకో మాట. సర్వర్లోకి ఎవరొచ్చి ఏం తెరిచారో నాకు కనిపిస్తుంది. మీ కార్యక్రమం బుధవారం ఒక్కరోజే. మీరేమో రోజూ పొద్దున్నే వచ్చి, ‘ఆర్ పదిహేడు’ అనే ఒక్క ఫైలే తెరిచి, కాసేపుండి వెళ్ళిపోతున్నారు. అది ఇంతవరకూ ప్రసారమైన ఫైలు కాదు. కారణం తెలుసుకోవచ్చునా?

అరుంధతి


బూన్ లే,
ఫిబ్రవరి

వదినగారికి,

ఏజెంట్ కుదిరాడు. మొదట భయపడ్డాను. ఈ ఊళ్ళో ఏజెంటంటే ఇల్లు అమ్మి పెట్టేవాడో, పనిమనిషిని కుదిర్చేవాడో, ఇద్దరూ కమిషన్ అడుగుతారు. ఈయన పాపం ఏమీ అడగడు. ఒక్కసారి చెప్తే నోరు మూసుకుని పని చేస్తాడు. వియ్యాలవారిలో ఇలాంటివాళ్ళు దొరకరు.

రోజూ సాయంత్రం ఆపమన్నారు. ఆపను. ఈ లాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బిపోతే రమేష్ పీకి అవతల పడేశాడు. ప్లగ్గులో ఉన్నంతసేపే బతుకుతుంది. ఆపితే లేవడానికి చేసే హంగామా మా మేనత్త నిద్ర లేవడం కంటే ఎక్కువ. కాబట్టి ఆయన అక్కడే, ఆ మూల బల్ల మీద, నిద్ర లేకుండా కూర్చుంటాడు.

ఫైలు సంగతి. బ్యాంకులో కూడా ఇలాగే జనం భుజం మీదనుంచి తొంగి చూసేవారా? కారణం ఏమీ లేదు. వింటున్నాను, అంతే.

అన్నట్టు, సర్వర్లో ఉన్న ఫైలు ఒకటి మన ఇంటి కంప్యూటర్లోకి తెచ్చుకోవాలంటే ఎలా? నాకు కాదు. తెలిసినావిడ ఒకావిడ అడిగింది.

తారాదేవి


యూ టీ,
ఫిబ్రవరి

వదినగారికి,

తెలిసినావిడకి చెప్పండి, కుదరదని. ప్రసారం కాని రికార్డింగులు సర్వర్ దాటకూడదని సాంబమూర్తిగారి హయాం నుంచీ ఉన్న నియమం. దాన్ని మొట్టమొదట నేనే మీరితే ఇక నేనెందుకు?

ఇంకో సంగతి. ఆ అద్దె మెషీన్ పాతబడిందట. మార్చి నెలాఖరుకి తీసేసి, అందులో ఉన్నదంతా చెరిపేస్తారట. ఈలోగా అన్నీ కొత్త మెషీన్‌కి చేరుస్తాను. కంగారేమీ లేదు. నేనున్నాను.

అరుంధతి


యూ టీ,
మార్చి

వదినగారికి,

ఇది రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో మీరు ఊహించుకోగలరు. ఊహించుకుని ఆనందించగలరు కూడా. కానివ్వండి.

నిన్న మధ్యాహ్నం ఇక్కడి హాకర్ సెంటర్లో కూర్చుని తినడానికి చోటు లేదు. ఒక బల్ల ఖాళీ అయింది. చోటు నాదని చోప్ చెయ్యడానికి అందరూ టిష్యూ పాకెట్టు పెడతారు. నా దగ్గర అది లేదు. లాప్‌టాప్ పెట్టి, దోసె తెచ్చుకోవడానికి వెళ్ళాను. నేను తిరిగి వచ్చేసరికి ఒక పెద్దావిడ ట్రే జారిపోయి, గిన్నెడు లక్సా, నూడుల్సూ పులుసుతో సహా, నా కీబోర్డు మీద ఉంది. ఆవిడ లక్సా పోయిందని నాతో పోట్లాడింది. ఇంకోటి కొనిచ్చాను.

లాప్‌టాప్ ఇక బతకదని షాపువాడు తేల్చేశాడు. నా తాళంచెవి అందులో ఉంది. తాళంచెవికి నకలు ఉండకూడదని ఊరందరికీ చెప్పిన దాన్ని కనుక నకలు లేదు. సాంబమూర్తిగారు సముద్రం మధ్యలో ఉన్నారు, వచ్చే నెల దాకా దొరకరు. ఫైళ్ళు చేర్చే పని ఈ వారం మొదలుపెడదామనుకున్నాను. నెలాఖరుకి అంతా చెరిపేస్తారు.

ఇప్పుడు ఆ సర్వర్ తలుపు తీయగలిగేది మీరొక్కరే. వెంటనే రాయండి. మీ లాప్‌టాప్ నడుస్తోందా?

అరుంధతి


బూన్ లే,
మార్చి

వదినగారికి,

మొదటి పేరా పొద్దున్న చదివాను. రెండో పేరా నా ఆనందం తగ్గాక చదివాను. మా కారిడార్లో ఎదురింటి మలయ్ ఆవిడకి కూడా చెప్పాను. ఆవిడ మీ కోసం కాదు, లక్సా కోసం బాధపడింది.

లాప్‌టాప్ నడుస్తోంది. ఏజెంట్ గారు ఫిబ్రవరి నుంచీ కన్ను మూయలేదు. మీరు చెప్పినట్టు రోజూ సాయంత్రం ఆపి ఉంటే ఏమయ్యేదో ఒక్క నిమిషం ఆలోచించండి. నేను ఆగుతాను.

ఆలోచించారా? ఇప్పుడు అసలు కష్టం. మా బ్లాకులో పాత కరెంటు వైర్లు మారుస్తున్నారు. ఎల్లుండి పొద్దున్న మా అంతస్తుకి కరెంటు తీసేస్తారని నోటీసు అంటించారు. లాప్‌టాప్‌కి బ్యాటరీ లేదు. అది ఆగిపోతే ఏజెంట్‌కి మతి పోతుందని మీరే రాశారు. తిరిగి లేచాక నేను పాస్‌ఫ్రేజ్ కొట్టాలి. వాక్యం గుర్తుంది, ఎందుకుండదు! స్పెల్లింగ్ గుర్తు లేదు. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ నాకు ఇప్పుడు కరెక్టుగానే కనిపిస్తోంది.

తారాదేవి


యూ టీ,
అదే రోజు

వదినగారికి,

భయపడకండి. ఏజెంట్ బతికి ఉన్నాడు కాబట్టి పాస్‌ఫ్రేజ్‌తో పని లేకుండానే మీరు లోపలికి వెళ్ళగలరు. పొరుగింటి లాప్‌టాప్ అరువు తెచ్చుకుని కొత్త జత చేశాను. నా కొత్త తాళం కింద పెట్టాను, ఒకటే పొడుగు వరుస. దాన్ని సర్వర్లో తాళాల జాబితా ఉండే ఫైలుకి చివర కలపాలి. ఆజ్ఞ కూడా రాశాను. అందులో రెండు బాణం గుర్తులు పక్కపక్కన ఉంటాయి. చూసి కొట్టండి.

ఒకవేళ ఎల్లుండి కంటే ముందే కరెంటు పోతే? అందుకని ఆ వాక్యం నాకు రాయండి. అన్ని స్పెల్లింగులూ వరసగా నేను తయారు చేస్తాను. ఎవరికీ చెప్పకూడదన్న నియమం నేనే పెట్టాను, నేనే సడలిస్తున్నాను. మొహమాటపడకండి.

అరుంధతి


బూన్ లే,
మర్నాడు పొద్దున్న

వదినగారికి,

కూర్చుని చదవండి.

వాక్యం ఇది: ‘యూ టీ పంతులమ్మ నోటికి తాళం పడాలి’. ‘పంతులమ్మ’లో టీ పక్కన హెచ్ పెట్టానో లేదో, ‘తాళం’లో ఏ ఒకటో రెండో గుర్తు లేదు.

ఎందుకంత కోపం అంటారు. పులిహోర వల్ల అనుకుంటున్నారు. సింగపూర్ మొత్తంలో అలా అనుకుంటున్నది మీరొక్కరే. పెళ్ళిలో మా నాన్న మైకు పట్టుకుని పిల్లల్ని దీవించాడు. గుర్తుందా? ఆయన తాత విశాఖపట్నంలో ఓడెక్కి ఇక్కడ దిగినవాడు. నాన్న పుట్టింది ఇక్కడే, రేవులో క్రేన్ తోలింది ఇక్కడే. ఆయన తెలుగులో సగం మలయ్, పావు తమిళం. “పిల్లలిద్దరూ సెనాంగ్‌గా ఉండాల” అన్నాడు. మీరు చెయ్యి చాపి మైకు అందుకుని, “సుఖంగా ఉండాలని పెద్దాయన భావం” అన్నారు. హాలంతా నవ్వింది. నాన్న కూడా నవ్వి కూర్చున్నాడు. ఇంటికొచ్చాక చొక్కా విప్పుతూ అడిగాడు, “నా తెలుగు అంత సెడిపోయిందా, అమ్మీ?” అని. అంతకుముందు హాల్లో మీరు పులిహోర సంగతి ఎత్తినప్పుడు, అసలు కారణం బయటికి అనలేక, ఆ పులిహోర మీదే మీతో అరిచాను.

ఆ ఏడే పోయాడు. మీరు అడిగిన ‘ఆర్ పదిహేడు’ ఆయనే. ఆర్ అంటే రాఘవులు. డురియన్ పండు ఎలా ఎంచాలో చెప్తాడు. సాంబమూర్తిగారు రికార్డు చేశారు. ప్రసారం చెయ్యమంటే నేనే వద్దన్నాను, మీ వాళ్ళంతా విని మళ్ళీ నవ్వుతారని. ఇంటికి తెచ్చుకునే దారి అడిగింది తెలిసినావిడ కాదు, నేను.

ఇక పని. మీ తాళం అతికించాను. చూసుకోండి.

తారాదేవి


యూ టీ,
మధ్యాహ్నం

వదినగారికి,

లోపలికి రానివ్వడం లేదు. మీరు కొట్టింది ఉన్నది ఉన్నట్టు రాయండి. మిగతా విషయం తర్వాత.

అరుంధతి


బూన్ లే,
మధ్యాహ్నం

వదినగారికి,

మీరు ఇచ్చిందే కొట్టాను. బాణం గుర్తు రెండుసార్లు పడితే అచ్చుతప్పు అనుకుని ఒకటి తీసేశాను. దిద్దడం మీకొక్కరికే వచ్చా?

తారాదేవి


యూ టీ,
వెంటనే

వదినగారూ,

రెండు బాణాలంటే చివర కలపమని. ఒక్కటంటే పాతదంతా చెరిపి రాయమని. మీ తాళం కూడా పోయింది. నా తాళం మెయిల్లో మూడు ముక్కలుగా విరిగినట్టుంది, పనికిరాదు. అంటే ఇప్పుడు ఆ సర్వర్లోకి ప్రపంచంలో ఎవరూ వెళ్ళలేరు. ఏజెంట్ కూడా తలుపు తీయలేడు. కానీ మీరు ఇందాక తెర మీద తెరిచిన కిటికీ ఉంది చూడండి, అది మాత్రం ఇంకా లోపలే ఉంది. దాన్ని మూయకండి. అదొక్కటే దారి. మధ్య మధ్య ఎంటర్ మీట నొక్కుతూ ఉండండి, లేకపోతే నిద్రపోతుంది. ఎంటర్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దు. ఏదీ దిద్దవద్దు.

రేపే కదా కరెంటు తీసేది. నేను రైలెక్కుతున్నాను.

అరుంధతి


బూన్ లే,
మార్చి, ఆదివారం

వదినగారికి,

కీర్తిక, రమేష్ ఫోన్ చేసి మరీ అడుగుతున్నారు, ముందు మాట్లాడింది ఎవరని. మీరు పిల్లలకి ఏం చెప్పారో నాకు తెలుసు. జరిగింది జరిగినట్టు నా పక్షం రాస్తున్నాను. ఒప్పుకుంటే ఒప్పుకోండి.

మీరు వచ్చేసరికి నేను ఒక చేత్తో పప్పు తిప్పుతూ, ఇంకో చేత్తో ఎంటర్ నొక్కుతూ, వంటింటికీ బల్లకీ మధ్య పరిగెడుతున్నాను. మీరు చెప్పులు విప్పి, నా వైపు చూడకుండా, మా ఇంటికి రోజూ వచ్చేవాళ్ళలా నేరుగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఆ వాక్యం చదివి వచ్చిన మనిషి. మొహం చూస్తే ఇస్త్రీ చేసినట్టుంది. పంతులమ్మ అన్నందుకు చెంప పగలగొడతారనుకున్నాను. మీరేమో మీ అరువు లాప్‌టాప్ తీసి, దాని వైరు పెట్టడానికి చోటు కోసం బల్ల కిందికి వంగారు. వంగి, మా ప్లగ్గు మీద చెయ్యి వేశారు.

“అది కాదు! ముట్టుకోవద్దు! అది పీకితే మా నాన్న పోతాడు!” అని అరిచాను.

ఇది మాట్లాడటం కిందికి రాదు. అరవడం. మాట్లాడింది మీరు.

“తెలుసు. పక్కది ఖాళీగా ఉందా అని చూస్తున్నాను” అన్నారు.

తర్వాత తలెత్తి, “కాస్త మంచినీళ్ళు” అన్నారు. అదీ మాట్లాడటం అంటే.

మీ తాళం ముక్కలన్నీ కలిపి ఒక్క వరుస చేశారు. తప్పు పడుతుందేమోనని ఒక్కో అక్షరం వేలు పెట్టి రెండుసార్లు చదవడం నేను చూశాను. అనకూడదు గానీ అప్పుడు కొంచెం ఇష్టం కలిగింది. మీ లాప్‌టాప్‌లోంచి తలుపు తట్టారు. తెరుచుకుంది. నేను మళ్ళీ అరిచాను. నా పప్పు మాడింది. మీరు అక్కడే కూర్చుని నా చేత కొత్త జత చేయించి, నా తాళం కూడా బిగించారు. కొత్త పాస్‌ఫ్రేజ్ కొడుతున్నప్పుడు గోడ వైపు తిరిగారు. సర్వర్లో ఉన్నదంతా కొత్త మెషీన్‌కి చేరడం మొదలయ్యాక, “ఆ ఫైలు మీ దాంట్లోకి తెస్తాను” అన్నారు.

“నియమం?” అన్నాను.

“ఎవరు పెట్టారో వాళ్ళు ఓడలో ఉన్నారు” అన్నారు.

నాన్న గొంతు మా హాల్లో వినిపించింది. “ముల్లు మెత్తగుంటే తక్ బోలే పిల్లా, వొద్దు. కాయని సెవి కాడ ఊపు. కదిలితే బాగుస్, మంచి కాయ. అమ్మేవోడి మొకం సూడు, నవ్వితే మోసం” అంటూ, ఆ అమ్మేవాడిని పదిమందిలో రాయలేని మాటలు నాలుగు అన్నాడు. మీరు నవ్వారు. నేను మీ నవ్వు వైపే చూస్తున్నాను, ఎలాంటి నవ్వో తేల్చుకుందామని. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, “ఆ మూడో తిట్టు ఇంకోసారి వెయ్యండి” అన్నారు.

మాడిన పప్పే తిన్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, “సెనాంగ్ అంటే ఏమిటి?” అని అడిగారు. నేను జవాబు చెప్పేలోగా లిఫ్ట్ వచ్చింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. సుఖం అంటే ఏసీ, సోఫా. అది డబ్బుతో వస్తుంది. సెనాంగ్ అంటే పని దిగిపోయాక చెప్పులు విప్పి, కాఫీ పెట్టుకుని, ఎవరికీ దేనికీ జవాబు చెప్పక్కర్లేకుండా కూర్చోవడం. మా నాన్న పిల్లలకి కోరింది అది.

మర్నాడు కరెంటు తీశారు. లాప్‌టాప్ ఆగింది. నేను దాని పక్కనే కూర్చుని చూశాను. ఏమీ కాలేదు.

తారాదేవి


యూ టీ,
ఏప్రిల్

వదినకి,

ముందు మాట్లాడింది నేను కాదు. “ముట్టుకోవద్దు” అనేది, కర్త పైకి కనిపించకపోయినా, పూర్తి వాక్యం. అరిచి చెప్పినా వాక్యం వాక్యమే. ఇక ఆ కేసు మూసేద్దాం.

ఫైళ్ళన్నీ కొత్త మెషీన్‌కి చేరాయి. ఒక్కటీ పోలేదు. పాతది చెరిపేశారు.

మీ ఉత్తరం చదివాక నిఘంటువు తీశాను, అలవాటు కదా. సెనాంగ్‌కి సరిపోయే తెలుగు మాట దొరకలేదు. అంటే ఆ రోజు నేను మైకు లాక్కుని, నిండు హాల్లో, తప్పు తర్జుమా చేశాను. సాధారణంగా నేను తప్పు చెయ్యను. చేస్తే ఇంత పెద్దది చేస్తానని నాకు తెలియదు. ఆయన మొహం నేను అప్పుడు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. అంతకంటే ఏం రాయాలో తెలియక ఈ పేరా నాలుగుసార్లు కొట్టి చెరిపాను.

‘పంతులమ్మ’ అన్నారు. బ్యాంకులో ఇంతకంటే ఘోరమైన పేరే ఉండేది నాకు. చెప్పను.

ఒక మాట అడుగుతాను. ఆయన డురియన్ పాఠం ప్రసారం చేద్దాం. ఒక్క ముక్క కత్తిరించకుండా, తిట్లతో సహా. వద్దంటే వద్దు. మళ్ళీ అడగను.

అరుంధతి


బూన్ లే,
మే

వదినా,

ప్రసారమైంది. మీకు తెలుసు, మీరే మీట నొక్కారు. ఆ రోజు నేను వినలేదు. ధైర్యం చాలక, రేడియో మొదలయ్యే వేళకి సంచీ తీసుకుని మార్కెట్‌కి పారిపోయాను. చేపలవాడి ముందు నిలబడి ఉండగా రమేష్ ఫోన్. వాడు తెలుగు వింటాడే గానీ మాట్లాడడు, మీకు తెలిసిందే. “అమ్మా, తాతయ్య సో ఫన్నీ లా!” అని, ఆఫీసులో పక్కవాళ్ళకి కూడా వినిపించానని ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళెవరికీ తెలుగు రాదట. అయినా ఆ తిట్ల దగ్గర అందరూ నవ్వారట. తిట్టు ఏ భాషలో ఉన్నా తిట్టేనట. వాడి వెనకాల నవ్వులు నాకు వినిపించాయి. ఈసారి ఆ నవ్వు నాకు గుచ్చుకోలేదు. చేపలవాడు “ఆంటీ, ఏది కావాలి, ఏది కావాలి” అంటున్నా వినిపించుకోకుండా నిలబడ్డాను.

మన శ్రోత భద్రయ్యగారి ఫిర్యాదుకి మీరు ఇచ్చిన జవాబు సైటులో చూశాను. తెలుగు రేడియోలో మలయ్ మాటలేమిటి, బూతులేమిటి అని ఆయన రెండు పేజీలు రాస్తే, మీరు ఒక్క పేరాలో తేల్చారు: ‘ఇవి ఈ ఊరి తెలుగు మాటలు. వీటిని వాడిన మనిషి ఈ రేవులో పని చేసి వీటిని సంపాదించుకున్నాడు. ఇక బూతుల గురించి: అవి డురియన్ వ్యాపారికి సంబంధించినవి, మీరు ఆ వ్యాపారం చెయ్యకపోతే పట్టించుకోనవసరం లేదు.’ నేను చదివి కుర్చీలోంచి లేచి మా హాల్లో ఒక చుట్టు తిరిగి వచ్చాను. నాన్న వైపు ఇంత పెద్ద లాయరు వియ్యాలవారిలో దొరుకుతుందని ఎవరనుకున్నారు!

కొత్త లాప్‌టాప్ కొన్నాను, బ్యాటరీ ఉన్నది. మీరు చెప్పినట్టు రోజూ సాయంత్రం ఆపుతున్నాను. పొద్దున్నే పాస్‌ఫ్రేజ్ కొట్టి ఏజెంట్‌కి అప్పజెప్తున్నాను. అందులో ఎవరున్నారని అడగకండి. మీరు లేరు, అది మాత్రం చెప్పగలను. కొంచెం వెలితిగానే ఉంది.

ఒక సంగతి రాసి ముగిస్తాను. నాన్న ఫైలు ఇప్పుడు నా దగ్గరే ఉంది కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు. ఇన్నాళ్ళుగా పొద్దున లేవగానే, కాఫీ కంటే ముందు అదే. ఇవాళ ఈ వారం కార్యక్రమం సర్దుకుంటూ, ఎవరో పంపిన పాటలు వింటూ, బట్టలు ఆరేస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నం అన్నంలో చెయ్యి పెట్టాక గుర్తొచ్చింది, ఇవాళ ఆయన్ని పలకరించలేదని. గబుక్కున లేచాను. బల్ల దాకా వెళ్ళాను. ఆయనెక్కడికీ పోడులే అనుకుని, ఫైలు తెరవకుండానే వెనక్కొచ్చి కూర్చుని, అన్నం పూర్తిగా తిన్నాను.

తారాదేవి